స్టోరేజ్ డ్రైవర్ల డాక్యుమెంటేషన్ బాగుచేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

మీరడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. రెండేళ్ళుగా స్కజీ, ఎన్‌వీఎంఈ (డిస్క్‌తో మాట్లాడే రెండు పద్ధతులు) డ్రైవర్ల టెస్టింగ్ చేస్తున్నారు, లినక్స్ కెర్నెల్‌లో వీటి డాక్యుమెంటేషన్ సగం పాతబడిపోయింది సగం అర్థం కాదు, దాన్ని బాగుచేయాలని ఉంది, సీ కోడ్ చదవడం వచ్చు గానీ రాసే అలవాటు పెద్దగా లేదు. అలాంటివాళ్ళు పంపితే మెయింటెయినర్లు (కోడ్‌లో ఒక్కో భాగం చూసుకునేవాళ్ళు) తీసుకుంటారా, తీసుకునేపనైతే ఎక్కడ మొదలెట్టాలి?

తీసుకుంటారండీ. టెస్టింగ్ చేసేవాళ్ళు రాసిన డాక్యుమెంటేషనే బాగుంటుంది కూడా, ఎందుకంటే కోడ్ రాసినవాడికి అది ఎలా పనిచేస్తుందో తెలుసు, మీకు అది ఎలా చెడిపోతుందో తెలుసు. స్టోరేజ్‌లో జనం డాక్యుమెంట్ తెరిచేది చెడిపోయినప్పుడే. డిస్క్ బాగా నడుస్తుంటే ఏ ఫైలూ ఎవడూ తెరవడు.

ముందు ఒక అపోహ. స్టోరేజ్ వైపు డాక్యుమెంటేషన్ లేదు అని అందరూ అంటుంటారు, నిజానికి లేకపోవడం కాదు సమస్య, బోలెడుంది. ఉన్నదాంట్లో ఏది ఇప్పటిది ఏది పాతది అన్నది తెలియకపోవడమే అసలు తలనొప్పి. బ్లాక్ లేయర్‌నే (ఫైల్‌సిస్టమ్‌కీ డిస్క్ డ్రైవర్లకీ మధ్య ఉండే కెర్నెల్ భాగం) తీసుకోండి, పాత సింగిల్ క్యూ పద్ధతి, దాంతోపాటు సీఎఫ్‌క్యూ షెడ్యూలర్ (డిస్క్ పనుల వరస నిర్ణయించేది), 2019లో 5.0 కెర్నెల్‌తో పోయాయి. కానీ ఇవాళ్టికీ నెట్‌లో వెతికితే బూట్ లైన్‌లో ఎలివేటర్= అని పెట్టి షెడ్యూలర్ మార్చుకోండి అనే సలహాలే ముందొస్తాయి, అది పెడితే కెర్నెల్ లాగ్‌లో ఈ పారామీటర్‌కి ఇప్పుడు ఏ ప్రభావమూ లేదు, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్ళుగా కనిపించే చోటు) డిస్క్‌కి విడివిడిగా మార్చుకోండి అని ఒక లైను కొట్టి ఊరుకుంటుంది. ఆ లైను ఎంతమంది చూస్తారు? కెర్నెల్ సోర్స్‌లోపలే బయోడాక్ అని ఒక పెద్ద ఫైలు ఉండేది, 2.5 నాటి బ్లాక్ లేయర్ రీరైట్ గురించిన నోట్స్ అది, రాసిన రోజుల్లో అద్భుతమైన డాక్యుమెంటే, కానీ అది చెప్పే కోడ్ చాలావరకు పోయాక కూడా అక్కడే కూర్చుని ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళని తప్పుదారి పట్టించింది, చివరికి తీసేశారు. అలా తీసేయడం కూడా డాక్యుమెంటేషన్ బాగుచేయడమే అని నేను గట్టిగా నమ్ముతాను, కొత్తది రాయడంకంటే దానికే ధైర్యం ఎక్కువ కావాలి.

డ్రైవర్ రాసేవాళ్ళ వైపు కూడా ఇదే గోల. 2024లో 6.9 నుంచి క్యూ లిమిట్స్ (డిస్క్ ఎంత సైజు పనులు తీసుకోగలదో చెప్పే హద్దులు) ఇచ్చే పద్ధతి మారింది, ఇంతకుముందు డిస్క్ తయారయ్యాక లాజికల్ బ్లాక్ సైజ్‌కి ఒక ఫంక్షన్, మ్యాక్స్ సెక్టార్లకి ఒక ఫంక్షన్ అని ఒక్కొక్కటీ పిలుచుకుంటూ పోయేవాళ్ళం, ఇప్పుడు అన్నీ ఒక స్ట్రక్చర్‌లో నింపి డిస్క్ అలొకేట్ చేసేటప్పుడే ఇచ్చేయాలి. పాత ట్యుటోరియల్ చూసి రాసిన డ్రైవర్ కొత్త కెర్నెల్ మీద కంపైలే అవ్వదు. అది నయం, కనీసం ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ రాకుండా తప్పుగా నడిచేవి ఉంటాయి చూడండి, వాటి గురించే మీరు రాయాల్సింది. నాకు జరిగిందే చెప్తాను.

నేను కొత్తగా ఈ పనిలో చేరినప్పుడు ల్యాబ్‌లో ఒక సర్వర్ మీద ఎఫ్‌సింక్ (డేటా నిజంగా డిస్క్ మీదికి చేరేదాకా ఆగే కాల్) ఎక్కువగా చేసే లోడ్ చాలా నెమ్మదిగా నడుస్తోంది. మా టీమ్ అంతర్గత పేజీలో ఎవరో రాసిపెట్టారు, సిస్‌ఎఫ్‌ఎస్‌లో డిస్క్ కింద క్యూ డైరెక్టరీలో రైట్_క్యాష్ అనే ఫైలు ఉంటుంది, అందులో రైట్ త్రూ (క్యాష్‌లో ఆపకుండా నేరుగా రాయడం) అని రాస్తే సేఫ్, పైగా ఫాస్ట్ కూడా అవుతుంది అని. సేఫ్, ఫాస్ట్ రెండూ ఒకేసారి ఫ్రీగా వస్తున్నాయంటే అప్పుడే అనుమానం రావాలి, రాలేదు. పెట్టాను, నిజంగానే నంబర్లు ఎగిరిపోయాయి, అందరికీ మెయిల్ కూడా కొట్టాను గొప్పగా. వారం తర్వాత కరెంటు పోయింది, మెషీన్ లేచేసరికి ఫైల్‌సిస్టమ్ పాడైంది, డేటాబేస్ తెరుచుకోలేదు. ల్యాబ్ మెషీన్ కాబట్టి బతికిపోయాను.

ఏం జరిగిందంటే, డిస్క్‌లో రైట్ బ్యాక్ క్యాష్ ఆన్‌లో ఉంటే, డేటా ఇంకా దాని లోపలి మెమరీలో ఉండగానే డిస్క్ అయిపోయింది అని చెప్పేస్తుంది. అందుకే ఫైల్‌సిస్టమ్ జర్నల్ రాసేటప్పుడు, ఎఫ్‌సింక్ వచ్చినప్పుడు కెర్నెల్ డిస్క్‌కి ఫ్లష్ కమాండ్ పంపుతుంది, లోపల ఉన్నదంతా నిజంగా రాసెయ్ అని. క్యూ కింద ఉన్న ఆ రైట్_క్యాష్ ఫైలు డిస్క్‌ని ఏమీ మార్చదు, డిస్క్ గురించి కెర్నెల్ ఏమనుకుంటోందో దాన్ని మాత్రమే మారుస్తుంది. నేను రైట్ త్రూ అని రాయగానే కెర్నెల్ ఓహో ఈ డిస్క్‌లో క్యాష్ లేదన్నమాట అనుకుని ఫ్లష్‌లు పంపడం మానేసింది, డిస్క్ మాత్రం ఎప్పట్లాగే క్యాష్‌లో పెట్టుకుని అయిపోయింది అయిపోయింది అంటూ కూర్చుంది. వేగం అక్కడినుంచి వచ్చింది.

దీంట్లో కెర్నెల్ డాక్యుమెంటేషన్ తప్పు ఏమీ లేదు, అది గమనించండి. స్టేబుల్ ఏబీఐ ఫైల్లో (యూజర్లకి కనిపించే కెర్నెల్ ఫైళ్ళ వివరాలుండేది) స్పష్టంగా ఉంది, ఇది కెర్నెల్ దృష్టిని మారుస్తుంది, డివైస్ స్థితిని మార్చదు, రైట్ బ్యాక్ నుంచి రైట్ త్రూకి మార్చడం సేఫ్ కాకపోవచ్చు, ఎందుకంటే ఫ్లష్‌లు ఆగిపోతాయి అని. ఎవరు రాశారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి. తప్పు మా పేజీది, అసలు పాఠం చదవకుండా నమ్మిన నాది. కానీ ఆ తర్వాత నాకు తెలిసిన సంగతి ఇంకోటుంది, స్కజీ డిస్క్‌లకి ఇంకో ఫైలు ఉంది, స్కజీ_డిస్క్ క్లాస్ కింద క్యాష్_టైప్ అని. అందులోనూ రైట్ త్రూ, రైట్ బ్యాక్ అనే మాటలే రాస్తారు. అది మాత్రం నిజంగానే డిస్క్‌కి మోడ్ సెలెక్ట్ కమాండ్ పంపి డిస్క్ సెట్టింగే మారుస్తుంది. మాటలు అవే, ఫైళ్ళు రెండు, ఒకటి డిస్క్‌ని మారుస్తుంది, ఇంకోటి నమ్మకాన్ని మారుస్తుంది. (ఆ క్యాష్_టైప్‌లో నాలుగో రకం ఒకటుంది, రైట్ బ్యాక్ ఉంటుంది గానీ రీడ్ క్యాష్ ఉండదు, దాని పక్కనే బ్రాకెట్లో డాఫ్ట్ అని ఉంటుంది, అంటే తిక్కది అని. సోర్స్‌లోనే, యూజర్‌కి కనపడేలా. స్కజీ వాళ్ళ హాస్యం అలాగే ఉంటుంది.)

అందుకని ఇప్పుడు నేను ఏ నాబ్ (మార్చుకునే సెట్టింగ్) గురించి చదివినా, రాసినా మొదట అడిగేది ఒకటే, ఇది దేన్ని మారుస్తుంది, హార్డ్‌వేర్‌నా, కెర్నెల్ అనుకునేదాన్నా? తర్వాతే మిగతావి, యూనిట్ ఏంటి, డిఫాల్ట్ ఎంత, రీబూట్ అయితే ఉంటుందా పోతుందా, డిస్క్ పీకి మళ్ళీ పెడితే ఏమవుతుంది, పొరపాటున తప్పు విలువ ఇస్తే డేటాకి ముప్పుందా లేదా. చాలా డాక్యుమెంట్లు ఈ నాబ్ ఫలానా విలువని సెట్ చేస్తుంది అని చెప్పి అక్కడితో ఆపేస్తాయి. పేరు చూస్తేనే అది తెలుస్తోంది కదా, దానికి డాక్యుమెంట్ ఎందుకు?

యూనిట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అక్కడే చవగ్గా ఎక్కువ మేలు చేయొచ్చు. టైమౌట్‌నే తీసుకోండి. స్కజీ డిస్క్‌కి డివైస్ డైరెక్టరీలో టైమౌట్ ఫైలు ఉంటుంది, చదివితే మామూలుగా 30 వస్తుంది, అంటే 30 సెకన్లు. అదే డిస్క్‌కి క్యూ డైరెక్టరీలో ఐఓ_టైమౌట్ ఫైలు ఉంటుంది, చదివితే 30000 వస్తుంది, అది మిల్లీసెకన్లలో. లోపల రెండూ ఒకే విలువ, ఒకదాన్ని మారిస్తే రెండోది కూడా మారుతుంది. ఇప్పుడు ఎవరో ఒక స్క్రిప్ట్‌లో అలవాటుకొద్దీ ఐఓ_టైమౌట్‌లో 60 అని రాశారనుకోండి, 60 సెకన్లు ఇచ్చాననే అనుకుంటారు పాపం, ఇచ్చింది 60 మిల్లీసెకన్లు, హార్డ్ డిస్క్ కాస్త బిజీ అయితే చాలు కమాండ్లన్నీ టైమౌట్ అయి అబార్ట్‌లు (కమాండ్ రద్దులు) మొదలవుతాయి, లాగ్ చూసినవాడు డిస్క్ చచ్చిపోతోంది అనుకుని మార్చేస్తాడు, కొత్త డిస్క్ కూడా అలాగే చస్తుంది. ఇక ఎన్‌వీఎంఈ మాడ్యూల్ పారామీటర్ ఐఓ_టైమౌట్ సెకన్లలో, డిఫాల్ట్ 30. పేరు అదే, యూనిట్ వేరు. స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్‌తో డిస్క్ లోపలి ఎర్రర్ రికవరీ టైమ్ పెట్టేటప్పుడు 70 అంటే 7 సెకన్లు, అది సెకనులో పదో వంతు లెక్క.

సైజు కూడా అంతే. సిస్‌ఎఫ్‌ఎస్‌లో డిస్క్ కింద సైజ్ ఫైలు ఎప్పుడూ 512 బైట్ల లెక్కలోనే ఉంటుంది, డిస్క్ సెక్టార్ 4096 అయినా సరే. డిస్క్‌స్టాట్స్‌లో (డిస్క్ వాడకం లెక్కల ఫైలు) సెక్టార్లు అన్నా 512 బైట్లే. దీన్ని మీరు హార్డ్‌వేర్ లేకుండానే చూసుకోవచ్చు. స్కజీ_డీబగ్ మాడ్యూల్‌ని సెక్టార్_సైజ్=4096, డెవ్_సైజ్_ఎంబీ=64 అని ఇచ్చి మోడ్‌ప్రోబ్ చేయండి (అంటే కెర్నెల్‌లోకి ఎక్కించండి), మెమరీలో ఒక ఉత్తుత్తి డిస్క్ వస్తుంది. దాని లాజికల్_బ్లాక్_సైజ్ చదివితే 4096, సైజ్ చదివితే 131072. 131072ని 4096తో గుణిస్తే 512 ఎంబీ అవుతుంది, మీరిచ్చింది 64. 512తో గుణిస్తే సరిగ్గా 64. రెండు నిమిషాల పని, కానీ ఈ రెండు నిమిషాల పని చేయకుండా సెక్టార్లలో అని ఒక్క ముక్క రాసి వదిలేసిన డాక్యుమెంట్లు నేను ఎన్ని చూశానో.

ఈ స్కజీ_డీబగ్, నల్_బ్లాక్ (null_blk, ఇదీ ఉత్తుత్తి డిస్కే) అనే రెండు మాడ్యూళ్ళని బాగా చేతిలో పెట్టుకోండి. మీరు రాసే ప్రతి వాక్యాన్నీ ముందు వీటి మీద నడిపి చూసి రాయండి. కోడ్ చదివి నాకు అర్థమైంది అనుకుని రాసిన వాక్యం ఒకటి, నడిపి చూసి రాసింది ఒకటి, చదివేవాడికి తేడా తెలియకపోవచ్చు గానీ రివ్యూలో మెయింటెయినర్ ఎలా చెక్ చేశావు అని అడిగినప్పుడు మీకు తెలుస్తుంది.

ఇంకో రకం లోటు ఉంది, అది ఏ ఒక్క ఫైల్లోనూ కనిపించదు, ఫైళ్ళ మధ్యలో ఉంటుంది. ఇందాక చెప్పిన 30 సెకన్లు, డిస్క్ లోపలి రికవరీ టైమ్, ఈ రెండూ కలిస్తే వచ్చే గొడవ అలాంటిదే. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఒకటి చెడ్డ సెక్టార్ తగిలితే దాన్ని చదవడానికి లోపల్లోపల చాలాసేపు ప్రయత్నిస్తూ ఉండొచ్చు, 30 సెకన్లు దాటిపోవచ్చు. కెర్నెల్ 30కి విసిగిపోయి అబార్ట్ చేస్తుంది, డిస్క్ ఇంకా ఆ సెక్టార్‌తోనే కుస్తీ పడుతూ జవాబివ్వదు, అక్కడినుంచి రీసెట్లు మొదలవుతాయి, చివరికి రెయిడ్ (చాలా డిస్క్‌ల్ని కలిపి నడిపే ఏర్పాటు) ఆ డిస్క్‌నే బయటికి తోసేస్తుంది. నిజానికి డిస్క్ త్వరగా ఈ సెక్టార్ చదవలేను అని చెప్పుంటే, రెయిడ్ వేరే కాపీ నుంచి డేటా తీసి అక్కడ మళ్ళీ రాసేసి ముందుకెళ్ళిపోయేది. మందు తెలిసిందే, డిస్క్ ఒప్పుకుంటే రికవరీ టైమ్ 7 సెకన్లకి దించాలి, ఒప్పుకోకపోతే కెర్నెల్ టైమౌట్‌నే 180కో ఎంతకో పెంచాలి. కానీ టైమౌట్ సంగతి స్కజీ వైపు ఉంటుంది, రికవరీ టైమ్ స్మార్ట్‌సీటీఎల్ మాన్యువల్‌లో ఉంటుంది, రెయిడ్ వాళ్ళది ఇంకోచోట, ఎవరికి వారే యమునా తీరే. మూడింటినీ కలిపి ఒక పేజీ రాయగలిగేది మీలాంటి టెస్టింగ్ మనిషే, డ్రైవర్ రాసేవాడు తన సరిహద్దు దాటడు.

స్కజీ ఎర్రర్ హ్యాండ్లింగ్ మీద మంచి డాక్యుమెంట్ ఉంది, స్కజీ_ఈహెచ్ అని, కానీ అది డ్రైవర్ రాసేవాళ్ళ కోసం. ముందు కమాండ్ అబార్ట్, కాకపోతే డివైస్ రీసెట్, తర్వాత టార్గెట్, బస్, చివరికి హోస్ట్ రీసెట్, అప్పటికీ మాట వినకపోతే డివైస్‌ని ఆఫ్‌లైన్ చేసేయడం. ఈ మెట్లు అడ్మిన్‌కి కూడా కావాలి, కానీ అతని దగ్గర ఉన్నది లాగ్‌లో లైన్లు మాత్రమే. ఈ లైను కనిపిస్తే మీరు ఈ మెట్టు మీదున్నారు, ఇప్పటివరకు డేటా ఏమీ పోలేదు, ఈ మెట్టు దాటితే పైవాళ్ళకి ఐఓ ఎర్రర్ వెళ్తుంది అని చెప్పే పేజీ ఉంటే ఎంతమంది రాత్రిళ్ళు ప్రశాంతంగా గడిచేవి. మీ టెస్ట్ నోట్స్‌లో ఇదంతా ఇప్పటికే ఉండుంటుంది.

ఏది ఎక్కడ రాయాలన్నది కొంచెం గందరగోళంగా ఉంటుంది మొదట్లో. సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళ గురించి అయితే డాక్యుమెంటేషన్ కింద ఏబీఐ డైరెక్టరీ, అందులో స్టేబుల్, టెస్టింగ్, ఆబ్సొలీట్, రిమూవ్డ్ అని నాలుగు. బూట్ పారామీటర్లు, అడ్మిన్‌కి పనికొచ్చేవి అడ్మిన్ గైడ్‌లో. ఫంక్షన్ల గురించి అయితే సోర్స్‌లోనే కామెంట్‌గా. మాడ్యూల్ పారామీటర్ వివరణ మాడ్యూల్‌లోనే ఒక లైనుగా ఉంటుంది, మోడ్‌ఇన్ఫో కొడితే వచ్చేది అదే. కాన్ఫిగ్ ఆప్షన్ హెల్ప్ కేకాన్ఫిగ్‌లో. ఎంబెడెడ్ వైపు ఎంఎంసీ, యూఎఫ్‌ఎస్ లాంటివాటికి (ఫోన్లలాంటివాటిలో ఉండే స్టోరేజ్) డివైస్‌ట్రీ బైండింగ్స్ (హార్డ్‌వేర్ వివరాలు ఎలా రాయాలో చెప్పేవి) యామల్‌లో ఉంటాయి, అవి నాకు భలే ఇష్టం, ఎందుకంటే అవి మెషీన్ చెక్ చేసే డాక్యుమెంట్లు, ఉదాహరణ తప్పు రాస్తే చెక్ ఫెయిల్ అవుతుంది. మిగతా డాక్యుమెంటేషన్‌కి ఆ అదృష్టం లేదు.

ఒకే సంగతి రెండుచోట్ల రాయకండి. బ్లాక్ క్యూ సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళ గురించి చాలాకాలం రెండుచోట్ల ఉండేది, బ్లాక్ డైరెక్టరీలో క్యూ-సిస్‌ఎఫ్‌ఎస్ అని ఒకటి, ఏబీఐలో ఇంకోటి, దేంట్లో కొత్త సంగతి ఉందో ఎవరికీ తెలియదు. 2022లో 5.17 సమయానికి అంతా ఏబీఐ ఫైల్లోకి చేర్చి రెండోది తీసేశారు. మీరు కొత్త పేజీ రాసేటప్పుడు కూడా ఉన్నదానికి లింక్ ఇవ్వండి, కాపీ కొట్టకండి, ఎందుకంటే రేపు ఒకటి మారుస్తారు, రెండోది మర్చిపోతారు. డిస్క్‌స్టాట్స్‌లో గణాంకాల కాలమ్‌లే చూడండి, మొదట 11 ఉండేవి, 4.18లో డిస్కార్డ్‌కి (వాడని బ్లాకులు వదిలేయడానికి) 4 కలిశాయి, 5.5లో ఫ్లష్‌కి 2, ఇప్పుడు 17, కానీ 11 అని రాసి వదిలేసిన కాపీలు లోకమంతా తిరుగుతున్నాయి.

సోర్స్‌లో కామెంట్ల గురించి ఒక్కటి చెప్తాను. బ్లాక్ లేయర్‌లో డ్రైవర్ రిక్వెస్ట్ తీసుకోలేనప్పుడు రెండు రకాల జవాబులివ్వొచ్చు, ఒకటి రిసోర్స్, ఇంకోటి డెవ్_రిసోర్స్. పేర్లు చూస్తే ఏమీ అర్థం కాదు. హెడర్ ఫైల్లో దానిపైన పెద్ద కామెంట్ ఉంది, డెవ్_రిసోర్స్ ఇస్తే అర్థం ఏంటంటే, ఇప్పటికే లోపల నడుస్తున్న ఐఓ అయిపోగానే క్యూ మళ్ళీ నడుస్తుందని డ్రైవర్ హామీ ఇస్తోంది, ఆ హామీ ఇవ్వలేకపోతే రిసోర్స్ అనాలి, అప్పుడు బ్లాక్ లేయరే కాసేపాగి మళ్ళీ నడుపుతుంది. హామీ లేకుండా డెవ్_రిసోర్స్ అంటే ఐఓ అలా వేలాడిపోయే ప్రమాదం ఉంది. ఇదీ కామెంట్ అంటే. ఫంక్షన్ ఏం చేస్తుందో కాదు, ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారో, మాట తప్పితే ఏమవుతుందో. కెర్నెల్-డాక్ (సోర్స్ కామెంట్ల నుంచి డాక్యుమెంట్ తయారయ్యే) ఫార్మాట్‌లో కాంటెక్స్ట్ అని ఒక భాగం ఉంటుంది, అక్కడ ఇది ఇంటరప్ట్‌లో పిలవొచ్చా, స్లీప్ అవుతుందా, ఏ లాక్ పట్టుకుని ఉండాలి అన్నవి రాయాలి, సగం మంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మీరు నింపగలిగితే బంగారం.

టూల్స్ విషయం త్వరగా. 2016లో 4.8తో డాక్‌బుక్ నుంచి స్ఫింక్స్‌కి (డాక్యుమెంట్లు తయారుచేసే టూల్) మారడం మొదలైంది, ఇప్పుడంతా రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్. మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్ మొత్తానికి చాలాసేపు పడుతుంది, స్ఫింక్స్‌డిర్స్=బ్లాక్ అని ఇస్తే ఆ ముక్కే బిల్డ్ అవుతుంది. డబ్ల్యూ=1 పెట్టి కంపైల్ చేస్తే కెర్నెల్-డాక్ కామెంట్లలో లేని పారామీటర్లు, పేరు మారినవి వార్నింగ్‌గా వస్తాయి, మీ మొదటి ప్యాచ్‌కి (అంటే పంపే మార్పుకి) అవి మంచి ముడిసరుకు. కానీ జాగ్రత్త, వార్నింగ్ పోవడం కోసమని టైమౌట్ అనే పారామీటర్‌కి ఎదురుగా టైమౌట్ విలువ అని రాసి పంపితే వార్నింగ్ పోతుంది, అజ్ఞానం అలాగే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే వార్నింగ్ ఉంటేనే నయం, కనీసం ఇక్కడ లోటుందని తెలుస్తుంది.

పంపడం గురించి. ఈమెయిల్‌లోనే, ప్లెయిన్ టెక్స్ట్, గిట్ సెండ్-ఈమెయిల్‌తో. ఎవరికి పంపాలో గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్ చెప్తుంది, ఫార్మాట్ తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ కూడా ఒకసారి నడపండి, సైన్డ్-ఆఫ్-బై లైను (ఇది పంపే హక్కు నాకుంది అనే సంతకం) తప్పనిసరి. డాక్యుమెంటేషన్ ట్రీని (కోడ్ శాఖని) జోనాథన్ కార్బెట్ చూస్తారు, కానీ స్టోరేజ్ విషయాలు చాలాసార్లు ఆ సబ్‌సిస్టమ్ ట్రీ ద్వారానే వెళ్తాయి, అందుకని రెండు లిస్టులకీ పంపండి. మర్జ్ విండో (కొత్త మార్పులు కలిపే సమయం) రెండు వారాలు నడిచేటప్పుడు పంపితే ఎవరూ పట్టించుకోరు, మీమీద కోపం కాదు, వాళ్ళ తల మీద వాళ్ళ పని. ఒకట్రెండు వారాలు చూసి మర్యాదగా గుర్తుచేయండి.

నా మొదటి ప్రయత్నం పద్నాలుగు ప్యాచ్‌ల సిరీస్, ఒక డ్రైవర్ డాక్యుమెంట్ మొత్తాన్ని తిరగరాశాను, హెడ్డింగులు, టేబుళ్ళు, నున్నగా. వచ్చిన జవాబు ఒక్క లైను, ఇందులో ఏ వాక్యం తప్పుగా ఉండేది, ఏది సరైంది అయింది, చెప్పగలరా అని. చెప్పలేకపోయాను. చివరికి తీసుకున్నది ఒక్క ప్యాచ్, డిఫాల్ట్ విలువ తప్పుగా ఉన్న ఒక లైను. అప్పట్లో చాలా బాధపడ్డాను గానీ ఇప్పుడు నేను రివ్యూ చేసేటప్పుడు అదే ప్రశ్న అడుగుతున్నాను. అందుకని కమిట్ మెసేజ్‌లో ముందు తప్పేంటో చెప్పండి, ఏ కమిట్ వల్ల డాక్యుమెంట్ పాతబడిందో గిట్ లాగ్‌కి మైనస్ ఎస్ ఇచ్చి ఆ పేరుతో వెతికితే దొరుకుతుంది, ఆ కమిట్ నంబరు పెట్టండి, ఎలా సరిచూశారో రెండు లైన్లు రాయండి. అది చూడగానే మెయింటెయినర్‌కి సగం పని అయిపోయినట్టే. స్పెల్లింగులు సరిచేసే ప్యాచ్‌లు యాభై ఒకేసారి పంపకండి. చాట్‌బాట్‌తో రాయించి అసలే పంపకండి, డిఫాల్ట్ విలువలు అది చాలా నమ్మకంగా కల్పించి చెప్తుంది, స్టోరేజ్‌లో దాని ఖరీదు ఏంటో పైన నా కథలో చూశారు కదా. ఆఫీసులో ఎన్‌డీఏ (బయటపెట్టకూడదనే ఒప్పందం) కింద ఉన్న స్పెక్ నుంచి వాక్యాలు కూడా తేకండి, కోడ్‌లో కనిపించేది, మీరు నడిపి చూసింది మాత్రమే.

ఇక మొదటి ప్యాచ్ దేనిమీద అంటారా, నా దగ్గర ఒకటుంది, ఎప్పటినుంచో చేద్దామనుకుంటూ చేయనిది, మీరు తీసుకోండి. ఇందాకటి క్యాష్_టైప్ ఫైలు గురించి స్కజీ డైరెక్టరీలో ఎస్‌డీ-పారామీటర్స్ అనే చిన్న డాక్యుమెంట్ ఉంది. అందులో మార్పు శాశ్వతం కాకూడదనుకుంటే విలువ ముందు టెంపరరీ అనే మాట చేర్చండి అని ఉంటుంది. అది చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది, డిస్క్ క్యాష్ తాత్కాలికంగా మారుతుంది, కరెంటు తీసి పెడితే మళ్ళీ మామూలవుతుంది అని. ఎస్‌డీ డ్రైవర్‌లో క్యాష్_టైప్_స్టోర్ ఫంక్షన్ తెరిచి చూడండి, టెంపరరీ అని ఉంటే డిస్క్‌కి మోడ్ సెలెక్ట్ వెళ్ళే దాకా కూడా రాదు, కెర్నెల్ తన దగ్గరున్న గుర్తు మార్చుకుని, ఫ్లష్ ఫ్లాగ్ సర్దుకుని వెనక్కొచ్చేస్తుంది. అంటే టెంపరరీ రైట్ త్రూ అని రాస్తే నేను ఆరోజు ల్యాబ్‌లో చేసిన పనే మళ్ళీ చేసినట్టు. మీరు పంపేముందు తాజా ట్రీలో డాక్యుమెంట్, కోడ్ రెండూ ఇంకా అలాగే ఉన్నాయో లేదో చూసుకోండి, ఉంటే అక్కడ చేర్చాల్సింది రెండు వాక్యాలు. మెయిల్ డ్రాఫ్ట్ అయ్యాక కావాలంటే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.